ఏ ములికి మంచిది బావా?

ముందే చెప్పేస్తున్నాను, ఇది వేట గురించిన టపా. జింకని బాణంతో కొట్టడమన్న మాటే ఇబ్బందిగా ఉండేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

తెలుగులో సెల్ ఫోన్ల మీద, కెమెరాల మీద, చివరికి గడ్డం గీసుకునే బ్లేళ్ళ మీద కూడా రివ్యూలు దొరుకుతాయి గానీ, బాణం చివర పెట్టే ములుకుల మీద నాకెక్కడా ఏమీ కనపడలేదు. కనపడకపోవడంలో వింతేం లేదులెండి. మన దేశంలో జింక మీద బాణం వేస్తే జైలుకి పోతారు, ఇంక రివ్యూ ఎవడు రాస్తాడు? కానీ ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు మెల్లమెల్లగా ఈ వేటలోకి వస్తున్నారు. వచ్చిన ప్రతివాడూ అడిగే మొదటి ప్రశ్న "ఏ బ్రాడ్‌హెడ్ కొనమంటావ్?" అనే. ఈ మధ్య అదే ప్రశ్న ఏలూరు నుంచి మా బావ కూడా అడిగాడు. ఇద్దరికీ నేను చెప్పే జవాబు ఒకటి కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ గోలంతా.

నా గురించి రెండు ముక్కలు. మాది తాడేపల్లిగూడెం. ఇంజనీరింగ్ అయ్యాక ఎమ్మెస్ కని వచ్చి, అందరిలాగే ఉద్యోగంలో పడి, ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా జావా, జిరా టికెట్లూ. సెప్టెంబరు చివర్లో విల్లు సీజన్ మొదలవుతుంది, ఫిబ్రవరి మొదట్లో అయిపోతుంది. ఆ నాలుగు నెలల్లో వీలైన ప్రతి శనాదివారం ఒక రైతు పొలం గట్టున చెట్టుకి కట్టిన మంచె మీద ఉంటాను. నాలుగు సీజన్లుగా ఇదే వరస. తుపాకీ ఎందుకు కాదని చాలామంది అడుగుతారు. హెచ్‌వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది. వేట లైసెన్సున్నవాళ్ళకి మినహాయింపు ఉందనుకోండి, అయినా గ్రీన్ కార్డు క్యూలో నిలబడ్డవాడికి ఆ తలనొప్పి దేనికి? విల్లు ఆ చట్టం దృష్టిలో తుపాకీ కాదు. అలా మొదలైంది. ఇప్పుడు తుపాకీ ఇస్తానన్నా తీసుకోను, అది వేరే కథ.

సరే, అసలు విషయానికొద్దాం.

బ్రాడ్‌హెడ్ అంటే బాణం చివర మరతో బిగించే, బ్లేడ్లున్న మొన. మనకి ములికి అనే చక్కటి మాట ఉంది కాబట్టి ఇకనుంచి అదే వాడతాను. ఇది పనిచేసే పద్ధతి తూటా పద్ధతి కాదు. తూటా తగిలిన దెబ్బకే చుట్టూ ఉన్న కండ చితికిపోతుంది. బాణానికి అంత బలం లేదు. బాణం కోస్తుంది, అంతే. రెండు ఊపిరితిత్తులూ తెగితే జింక యాభై వంద గజాలు పరిగెత్తి, కొన్ని సెకన్లలోనే రక్తం పోయి పడిపోతుంది. ఒకటే తెగితేనో, పొట్టలో తగిలితేనో గంటల తరబడి బతికి, ఎక్కడో పొదల్లో చచ్చిపోతుంది. ములికి ఎంచుకోవడమంటే ఈ రెండు రకాల చావుల మధ్య దూరాన్ని మనం ఎంత పెంచగలమా అని చూసుకోవడం. పెట్టె మీద రాసిన అంకెలు దీనికి చాలా తక్కువ సాయం చేస్తాయి.

మార్కెట్లో ఉన్నవి ముఖ్యంగా రెండు రకాలు. బ్లేడ్లు ఎప్పుడూ విచ్చుకునే ఉండేవి ఫిక్స్‌డ్. ఎగిరేటప్పుడు ముడుచుకుని, తగిలినప్పుడు విచ్చుకునేవి మెకానికల్. ఫిక్స్‌డ్ లో మళ్ళీ బ్లేడ్లు మార్చుకోగలిగేవీ, మొత్తం ఒకే ఉక్కు ముక్కలా ఉండి సానపట్టుకోవాల్సినవీ ఉంటాయి. బరువు గ్రెయిన్లలో చెబుతారు, 100, 125 మామూలు. 100 గ్రెయిన్లంటే ఆరున్నర గ్రాములు. ఇంత చిన్న వస్తువు మూడు కలిపి నలభై యాభై డాలర్లు ఎందుకో మొదటిసారి కొన్నప్పుడు నాకూ అర్థం కాలేదు :)

మెకానికల్ మీద రాసేది "2 అంగుళాల కోత" అని. ఫిక్స్‌డ్ మీద రాసేది "1 అంగుళం" అనో "1.125" అనో. ఫోన్లు కొన్నట్టు కొంటే ఏది కొంటాం? పెద్ద అంకె ఉన్నదే. కానీ లెక్క వేసి చూడండి. రెండు బ్లేడ్ల మెకానికల్ 2 అంగుళాల వెడల్పు ఉంటే మొత్తం కోత పొడవు 2 అంగుళాలు. నాలుగు బ్లేడ్ల ఫిక్స్‌డ్ 1 అంగుళం వెడల్పే ఉన్నా ఒక్కో బ్లేడు మధ్య నుంచి అర అంగుళం కోస్తుంది. నాలుగు అరలు, అదీ 2 అంగుళాలే! కోసే కండ అంతే, రంధ్రం ఆకారమే వేరు. నిజమే, వెడల్పాటి కోతకి ఒక లాభం ఉంది. గురి అరంగుళం పక్కకి పోయినా ఒక రక్తనాళం అంచుకి తగిలే అవకాశం ఉంటుంది. ఆ లాభానికి ఖరీదేమిటో పెట్టె మీద రాయరు.

ఖరీదు శక్తి. ఇక్కడే మనవాళ్ళకి అమెరికన్ సలహాలు అతకవు. విల్లు వేగం పెట్టె మీద 330 అని రాస్తారు, అంటే సెకనుకి 330 అడుగులు. ఆ కొలత 70 పౌండ్ల లాగుడు, 30 అంగుళాల లాగుడు పొడవు, 350 గ్రెయిన్ల తేలికపాటి బాణంతో తీసింది. ఇప్పుడు మీ చేతులు రెండు పక్కలకీ చాచి, ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి 2.5 తో భాగించండి. నాకు 27 అంగుళాలు వచ్చింది. నా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, గూడెంలో సగటు మనిషిని. నేను హాయిగా, వణక్కుండా లాగగలిగేది 52 పౌండ్లు. 430 గ్రెయిన్ల బాణం నా విల్లు నుంచి దాదాపు 230 అడుగుల వేగంతో వెళుతుంది. బరువుని వేగం వర్గంతో గుణించి 450240 తో భాగిస్తే ఫుట్-పౌండ్లలో శక్తి వస్తుంది. నాది 50. మా టీములో ఆరడుగుల రెండంగుళాల వాడొకడున్నాడు, 70 పౌండ్లు ఆవలిస్తూ లాగుతాడు. అతని బాణం కూడా అంతే బరువు, 295 వస్తుంది. లెక్క కడితే 83.

50 ఎక్కడ, 83 ఎక్కడ? అతనికి 2 అంగుళాల మెకానికల్ భేషుగ్గా పనిచేస్తుంది. ఆ బ్లేడ్లు విచ్చుకోవడానికి కొంత, అంత వెడల్పు చర్మాన్నీ పక్కటెముకల్నీ కోయడానికి కొంత ఖర్చయినా ఇంకా మిగులుంటుంది, బాణం అవతలికి దూసుకుపోతుంది. నా బాణం ఆ పని చేస్తూ చేస్తూ లోపలే ఆగిపోవచ్చు. మంచె మీద నుంచి కిందకి కొడతాం కాబట్టి బాణం లోపలికి వెళ్ళే రంధ్రం పైన, బయటికొచ్చే రంధ్రం కింద ఉంటుంది. రక్తం నేల మీద పడేది ముఖ్యంగా ఆ కింది రంధ్రం నుంచే. అది లేకపోతే జాడ లేదు. జాడ లేకపోతే చచ్చిన జింక కూడా దొరకదు. కాబట్టి నా లాంటి కొలతలవాళ్ళకి నా సలహా ఒకటే: అంగుళం, అంగుళంన్నర పావు లాంటి లెక్కలు మాని, చిన్న ఫిక్స్‌డ్ ములికి తీసుకోండి. మూడు బ్లేడ్లదైనా సరే, నాలుగు బ్లేడ్లదైనా సరే, 125 గ్రెయిన్లది. బ్రాండు మీ ఇష్టం, పేరున్నవాటిల్లో పెద్ద తేడాల్లేవు.

ఫిక్స్‌డ్ కి ఒక చెడ్డ పేరుంది, సూటిగా ఎగరదని. ప్రాక్టీసు మొనతో నడిమధ్యలో తగిలే బాణం, ఫిక్స్‌డ్ ములికి పెట్టగానే నాలుగంగుళాలు ఎడమకి పోతుంది. ముందు భాగాన చిన్న రెక్కలు పెట్టినట్టు కదా, బాణం కాస్త వంకరగా బయల్దేరినా ఆ రెక్కలు గాలిని పట్టి పక్కకి లాగుతాయి. మెకానికల్ కి ఆ రెక్కలు ముడుచుకుని ఉంటాయి గనక ప్రాక్టీసు మొనలాగే ఎగురుతుంది. అందుకే అందరూ అదే కొంటారు. నాకు మాత్రం ఇది ఎక్సెప్షన్ ని పట్టుకుని, లోపల ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేసిన కోడ్ లా కనిపిస్తుంది. ప్రోగ్రాం ఆగలేదు కాబట్టి బగ్ లేదనుకోవడమే! బాణం వంకరగా బయల్దేరుతోందంటే విల్లు సరిగ్గా కుదరలేదని అర్థం. ఫిక్స్‌డ్ ములికి ఆ సంగతి ముందే అరిచి చెబుతుంది. విల్లు సరిచేసుకుని, కాగితం గుండా బాణం వేసి చిరుగు చూసుకుని, రెండు మొనలూ ఒకేచోట తగిలేదాకా సర్దుకుంటే అప్పుడు ఏది పెట్టినా పర్లేదు. వంకరగా వెళ్ళిన బాణం ఎముకకి తగిలితే లోపలికి దిగేది కూడా తక్కువే. ముడుచుకున్న బ్లేడ్లు ఆ వంకరని దాచగలవు గానీ తీసేయలేవు.

ఇక పదును. ఏలూరు చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చున్నావిడని ఎప్పుడైనా గమనించారా? నాలుగు చేపలు కోసి ఒకసారి రాయి మీద నూరుతుంది. మొండి కత్తితో కోస్తే ముక్క చితుకుతుందని ఆవిడకి తెలుసు. ఇదీ అంతే. చితికిన గాయం తొందరగా గడ్డకడుతుంది, నున్నగా తెగినది కారుతూనే ఉంటుంది. గడ్డం గీసుకుంటూ కొత్త బ్లేడుతో తెగిన గాటు ఎంతసేపటికీ ఆగదు, గుర్తుందిగా. ప్రాక్టీసుకి వాడిన ములికిని తుడిచి వేటకి తీసుకెళ్ళేవాళ్ళని చూశాను. మూడింటి పెట్టెలో ఒకటి ప్రాక్టీసుకి కేటాయించేయాలి, మిగతా రెండూ గురిపెట్టె మొహం చూడకూడదు.

ఇక్కడిదాకా చదివి, కాస్త వెతికే అలవాటున్నవాళ్ళు నన్ను పట్టుకుంటారని తెలుసు. మేరీలాండ్ లో ఇండియన్ హెడ్ అని నౌకాదళ స్థావరం ఒకటుంది. అక్కడ 1989 నుంచి 2012 దాకా విల్లుతో వేటాడినవాళ్ళు కొట్టిన ప్రతి జింక లెక్కా రాశారు. ఫిక్స్‌డ్ ములుకులు తగిలినవి 1,066, అందులో దొరికినవి 874, అంటే 82 శాతం. మెకానికల్ తగిలినవి 230, దొరికినవి 209, దాదాపు 91 శాతం. నేను చెప్పిందానికి పూర్తిగా ఎదురు! ఈ లెక్క దాచిపెట్టి ఫిక్స్‌డే గొప్ప అని రాయడం నాకిష్టం లేదు. అయితే ఒకటి. ఎవరికి ఏ ములికి అన్నది చీట్లు తీసి ఇవ్వలేదు, ఎవరికిష్టమైంది వాళ్ళు వాడారు. 83 వాడికి మెకానికల్ మంచిదంటే నేను కాదనను, పైన చెప్పాను కూడా. వాళ్ళకి వచ్చిన 91, 50 వాడికీ వస్తుందని ఈ లెక్క చెప్పదు. సగటు జీతం చూసి మన జీతం తెలుసుకోలేం కదా.

నిజానికి ఆ పట్టికలో నన్ను ఆపేసింది ఆ రెండు శాతాల తేడా కాదు. మొత్తం 1,296 జింకలకి బాణం తగిలితే 213 దొరకలేదు. వాళ్ళు రోడ్డు మీద పోయే దానయ్యలు కాదు, లెక్క రాసే చోట, నియమాల మధ్య వేటాడినవాళ్ళు. వాళ్ళకే ఆరింట ఒకటి చేజారింది. అందులో కొన్ని కోలుకుని ఉంటాయి, కొన్ని ఎక్కడో కుళ్ళి ఉంటాయి. ఏ ములికి కొన్నా ఈ సంఖ్య సున్నా కాదు. అందుకే నేను ములికి గురించి అడిగినవాళ్ళని ఎదురు ప్రశ్న వేస్తాను: తగిలాక ఏం చేస్తావు?

ఒహాయోలో దీనికి జవాబుంది. బాణం తీసి చూస్తాం. రక్తం లేత ఎరుపుగా, నురగగా ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి బయల్దేరొచ్చు. చిక్కగా, నల్లగా ఉంటే కాలేయం, నాలుగు గంటలైనా కూర్చోవాలి. పచ్చగా, వాసనొస్తుంటే పొట్ట, ఎనిమిది పన్నెండు గంటలు దాని జోలికే పోకూడదు. తొందరపడి వెంటపడితే భయంతో మైళ్ళు పోతుంది, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుని అక్కడే చనిపోతుంది. జింక పక్కవాడి పొలంలోకి పోతే వాడి గుమ్మం దాకా వెళ్ళి అడుగుతాం. జాడ తెలీకపోతే పట్టీ కట్టిన కుక్కని తెచ్చి వెతికిపెట్టేవాళ్ళున్నారు. మా స్నేహితుడొకడు కొట్టిన జింకకి బాణం జబ్బ ఎముకలో ఇరుక్కుంది, వెడల్పాటి మెకానికల్. మేం నలుగురం లాంతర్లు పట్టుకుని రాత్రి రెండు దాకా, మళ్ళీ తెల్లారి మధ్యాహ్నం దాకా వెతికాం. దొరకలేదు. వాడు ఆ సీజన్ లో మళ్ళీ విల్లు ముట్టుకోలేదు. వెతికే హక్కు, వెతికే సమయం, సాయం అడిగే దారి ఉన్నాయి కాబట్టి కనీసం అంత చేయగలిగాం. విల్లు 40 పౌండ్లకి తగ్గకూడదు, ములికి ముప్పావు అంగుళానికి తగ్గకూడదు, కనీసం రెండు కోసే అంచులుండాలి, కొట్టిన జింక లెక్క ప్రభుత్వానికి చెప్పాలి... ఈ రూల్సన్నీ ఆ ఏర్పాటులో భాగమే.

ఇప్పుడు మా బావ. అక్క మొగుడు. ఏలూరులో ఇల్లు, కైకలూరు పక్కన చేపల చెరువులు. మంచి మనిషి, నేను అమెరికా వచ్చేటప్పుడు అడక్కుండానే సాయం చేసినవాడు, కాదనడం కష్టం. యూట్యూబు చూసీ చూసీ ఒక కాంపౌండ్ విల్లు కొన్నాడు. "ఏరా బామ్మర్దీ, సంక్రాంతికొచ్చేటప్పుడు ఆ విచ్చుకునే మొనలు ఓ డజను పట్రా, ఏది మంచిదో నువ్వే చూడు" అన్నాడు. దేనికంటే, స్నేహితులతో కలిసి జంగారెడ్డిగూడెం దాటి ఏజెన్సీ వైపు వెళ్ళాలని సరదా. దుప్పి కనపడితే దుప్పి, లేకపోతే పంది.

తేనని చెప్పాను. చట్టం సంగతి అందరికీ తెలిసిందే, అయినా రాస్తాను. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం చంపడమే వేట కాదు, చంపబోవడం, గాయపరచడం, తరమడం కూడా వేటే. అభయారణ్యంలోనో, పాపికొండల జాతీయ పార్కులోనో అయితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, 2022 సవరణ తరవాత జరిమానా 25 వేలకి తగ్గదు. "అందరూ తింటూనే ఉన్నారు, ఎవడు పట్టుకుంటాడ్రా" అన్నాడు బావ. పట్టుకోరనే అనుకుందాం. పట్టుకోరన్న ధైర్యంతో చేసే వేట ఎలా ఉంటుందో ఆలోచించండి. రాత్రి పూట, జీపు లైటు వెలుగులో, ఎంత దూరమో తెలీకుండా, పొదల మధ్య నుంచి. తగిలింది. ఇప్పుడు నాలుగు గంటలు కూర్చోగలరా? ఊళ్ళోవాళ్ళని సాయం పిలవగలరా? తెల్లారాక లాంతర్లతో మళ్ళీ అదే దారిన వెళ్ళగలరా? గుబ్బల మంగమ్మ గుడికెళ్ళే జనం ఎదురయ్యేసరికి జీపు ఎక్కేసి ఏలూరు వచ్చేయాల్సిందే. ఇండియన్ హెడ్ లో ఆరింట ఒకటి పోతే ఇక్కడ ఎన్ని పోతాయో ఊహించడానికి లెక్కలక్కర్లేదు. ఆ చీకట్లో ఫిక్స్‌డా మెకానికలా అన్న ప్రశ్నకి అర్థమే లేదు.

బావ ఊరుకోలేదు. "మన తాతలు కొల్లేట్లో పరజలు కొట్టుకొచ్చి తినలేదా?" అన్నాడు. తిన్నారు. మా ఇంట్లోనూ ఆ కబుర్లు విన్నాను. మా గూడెం పక్కనే, పెంటపాడు దగ్గర ఆరేడు అనే ఊరుంది. ఆ ఊరి చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టడం గురించి కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షి పరిశీలకుడు 1949లో వ్యాసం రాశాడు. ఇప్పుడా ఊరి చెట్ల మీద వాటి గూళ్ళు లేవు. గూడబాతుల్ని చూడాలంటే ఆటపాక వెళ్ళి, అటవీశాఖ నీళ్ళలో పాతిన ఇనప మంచెల మీద చూడాలి. వేటే అంతా చేసిందని నేననను. చెరువులు తవ్వడం, సరస్సు కుంచించుకుపోవడం, అవే పెద్ద కారణాలు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చెరువు గట్లు పేల్చడం, ఇదంతా బావకి నాకన్నా బాగా తెలుసు, గట్టు పోగొట్టుకున్నవాళ్ళు ఆయన చుట్టాల్లోనే ఉన్నారు. నా మాటల్లా తాతల కాలం నాటి పక్షులు మన చేతిలో లేవని.

మరి ఒహాయోలో కొట్టే నువ్వు మాకు నీతులు చెబుతావా అంటే... న్యాయమైన ప్రశ్నే. 1904 నాటికి ఒహాయోలో ఒక్క జింక కూడా మిగల్లేదు. ఇష్టారాజ్యంగా కొట్టి, అడవులు నరికి మొత్తం తుడిచిపెట్టేశారు. తరవాత బయటి నుంచి తెచ్చి వదిలి, దశాబ్దాలు కాపాడి, లెక్కలు పెట్టుకుని వేట తెరిచారు. ఇప్పుడు ఏటా 2 లక్షలకి పైగా జింకల్ని వేటాడినా తరగట్లేదు, తోడేళ్ళు లేవు కాబట్టి వేటాడకపోతేనే ఇబ్బంది. ఆ ఖర్చంతా పెట్టుకునేది చాలావరకు వేటగాళ్ళే. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకుల మీదా, తరవాత విల్లు సామాను మీదా వేసిన పన్ను వన్యప్రాణుల పనికి పోతుంది. నేను కొనే ప్రతి ములికి మీద తయారీదారు 11 శాతం కట్టాల్సిందే. మన దగ్గర ఇవేవీ లేవు. ఎన్ని దుప్పులున్నాయో, ఎన్ని పోతే పర్లేదో లెక్క చెప్పి అనుమతించే పద్ధతి లేదు. పంటలు పాడుచేసే జంతువులకి ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు రాతపూర్వకంగా అనుమతివ్వడానికి చట్టంలో 11వ సెక్షన్ ఉంది గానీ, అది పొలం పోయినవాడి కోసం, సరదా తీరనివాడి కోసం కాదు.

ఇంకో సంగతి, ఇది బావతో ఫోన్లో అనలేకపోయాను. ఆయన వెళ్దామనుకున్న ఆ అడవుల్లో విల్లూ బాణం నిజంగా ఎవరివి? కోయలవి. బుట్టాయగూడెం, పోలవరం వైపు ఎండాకాలంలో వెళ్ళినవాళ్ళకి తెలిసే ఉంటుంది, విత్తనాల పండగ రోజుల్లో ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డం నిలబడి డబ్బులడుగుతారు. మగవాళ్ళు అడవికి వేటకి పోవడం ఆ పండగలో భాగం. వాళ్ళ ములుకులు ఊరి కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టినవి. 50 ఫుట్-పౌండ్ల లెక్కలు తెలియకపోయినా, దగ్గరికి వెళ్ళి, జాడ తీసి, దొరికేదాకా నడవడం వాళ్ళకి తరతరాలుగా తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకి భూమి మీద, వెదురు మీద, తేనె మీద హక్కులిచ్చింది, వేట హక్కుని మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించింది. 1972 చట్టంలో వేటకి మినహాయింపు దక్కిన గిరిజనులు నికోబార్ దీవుల వాళ్ళు మాత్రమే. అంటే ఆ అడవిలోనే పుట్టి, పండగకి బాణం పట్టిన కోయవాడు నేరస్తుడవుతాడు. అది సబబా కాదా అన్నది పెద్ద చర్చ, నాకూ దాని మీద గట్టి అభిప్రాయం ఉంది, ఇంకోసారి. కానీ వాడికే లేని సౌకర్యం, ఏలూరు నుంచి జీపులో వెళ్ళే మా బావకి, నేను సూట్‌కేసులో తెచ్చిచ్చే అమెరికా బ్లేడ్లతో రావాలా? ఈ ఒక్కదానికీ నాకు ఎటు తిప్పినా జవాబు దొరకలేదు.

విల్లు కొన్నాడు కదా, దాన్నేం చేయాలని మీరడగొచ్చు. ఏలూరు నుంచి విజయవాడ రైల్లో గంట. దేశంలో విలువిద్య నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోట్లు తక్కువ. కాంపౌండ్ విల్లుతో 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన జ్యోతి సురేఖది ఆ ఊరే, 2024 పారిస్ ఒలింపిక్స్ లో ఆడిన బొమ్మదేవర ధీరజ్ ది ఆ ఊరే. గురి పలక మీద బాణం వేయడానికి ములికి అక్కర్లేదు, నున్నటి ప్రాక్టీసు మొనలు చాలు. అవి డజను కొని సంచీలో పెట్టాను, 100 గ్రెయిన్లవి. ఇంకా ఆయన చేతులు కొలవాలి. ఆ విల్లుని అమ్మినవాడు 70 పౌండ్లకీ 30 అంగుళాలకీ బిగించి పంపాడు, మా బావ నాకన్నా రెండంగుళాలు పొట్టి :) ముందు దాన్ని 45 కో 50 కో దింపించాలి. అప్పటిదాకా లాగొద్దని అక్కకి చెప్పాను, బావకి చెబితే వినడు.